నాలుగు గళ్ళ పట్టీ, చక్రం మీద సుద్దగీత

బాయిలర్ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు నన్ను మొదట అడిగేది, ఎన్నేళ్ళు చేశారు అని. ముప్పై ఒక్క ఏళ్ళు. తర్వాత అడిగేది, ఎప్పుడైనా పేలిందా అని. పేలలేదు. పేలి ఉంటే ఇది రాయడానికి నేను మిగిలేవాణ్ణి కాదు. కానీ ఒకసారి దగ్గరదాకా వచ్చింది. అందులో పెద్ద తప్పు నాది. ఆ తప్పు చూడటానికి చిన్నదే. మీరూ చేస్తారు. అందుకే చెబుతున్నాను.

నా పేరు నర్సయ్య. దమ్మపేట పక్కన పామాయిల్ ఫ్యాక్టరీలో బాయిలర్ అటెండెంటుగా చేసి దిగిపోయాను. చదివింది ఏడో తరగతి. సర్టిఫికెట్ పరీక్షలో నోటితో అడిగారు, నోటితోనే చెప్పాను. ఇంట్లో కథలు చెప్పే మనిషిని నేనే. రాయడం మాత్రం ఇదే మొదలు. ఉద్యోగంలో ఏ మెట్టు ఎప్పుడు ఎక్కానో రాయను. అది నా భార్యకే గుర్తులేదు, మీకెందుకు?

చూడాల్సింది రెండే

తోటల నుంచి పామాయిల్ గెలలు ట్రాక్టర్లలో వస్తాయి. వాటిని పొడుగాటి ఇనుప పీపాల్లో పెట్టి ఆవిరితో ఉడికిస్తారు. ఆ పీపాను స్టెరిలైజర్ అంటారు. ఉడికిన పండ్లను పిండితే నూనె. పిండగా మిగిలిన పీచు, పెంకు మా బాయిలర్‌కి తిండి. ఆ తిండితో మేము ఆవిరి చేసి మళ్ళీ స్టెరిలైజర్‌కే పంపుతాం.

అటెండెంటు చూడాల్సింది రెండే. ఒకటి గాజు గొట్టంలో నీటి మట్టం. రెండోది ఒత్తిడి చూపే ముల్లు. మట్టం మరీ పెరిగితే ఆవిరితోపాటు నీళ్ళు పోతాయి. మరీ తగ్గితే ట్యూబులు ఎర్రగా కాలిపోతాయి. గాజులో నీళ్ళు అసలు కనపడకుండా పోయినప్పుడు భయపడి చల్లనీళ్ళు వదిలారా, ఇక అంతే. కాలిన పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు కాదు, ఇల్లంత పెనం అనుకోండి.

నన్ను పనిలో పెట్టిన ఫోర్‌మన్ అప్పలస్వామి గారు, సముద్రం వైపు మనిషి. ఆయన గట్టిగా మాట్లాడగా నేను వినలేదు. చేరిన మొదటి నెలలో ఒకనాడు స్టెరిలైజర్ తెరిచారు, అంటే దానిలోకి ఆవిరి వదిలారు. గాజులో నీళ్ళు చర్రున పైకి లేచాయి. ఎక్కువయ్యాయి కదా అని నీళ్ళ వాల్వు మూసేశాను. కాసేపటికి చూస్తే మట్టం అడుగున ఉంది. ఆయన నన్ను పక్కకు జరిపి, నిదానంగా సర్ది, క్యాంటీన్‌కి తీసుకెళ్ళారు. అక్కడ పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి.

"గిన్నెలో పాలు ఎక్కువయ్యాయా?" అన్నారు.

లేదన్నాను. క్యాంటీన్ ఆమె చేత రెండు చుక్కల చల్లనీళ్ళు చల్లించారు. పొంగు దిగిపోయింది.

"ఇప్పుడు తక్కువయ్యాయా?"

లేదన్నాను.

"మరి గాజు చూసి ఎందుకు నమ్మావ్?"

బాయిలర్ కూడా అంతే. ఆవిరి ఒక్కసారి లాగితే ఒత్తిడి పడిపోతుంది, లోపల బుడగలు ఉబ్బుతాయి, నీళ్ళు తగ్గుతున్నా గాజులో మట్టం పెరుగుతుంది. చల్లనీళ్ళు వదిలితే బుడగలు అణిగిపోతాయి, నీళ్ళు పోస్తున్నా మట్టం తగ్గుతుంది. కాసేపు గాజు అబద్ధం చెబుతుంది. ఆ కాసేపు చేతులు వెనక్కి పెట్టుకోవడమే పని. మిగతాది ఎవరైనా నేర్పుతారు.

ఆయన దగ్గర నాకు ఇంకో అలవాటు కూడా వచ్చింది. వాల్వు చక్రం పట్టుకునే ముందు ఆయన నీళ్ళ పైపును కుడిచేతి వెనకభాగంతో ముట్టుకుని ఆ చెయ్యి కళ్ళకు అద్దుకునేవారు. నేనూ మొదలుపెట్టాను. బాయిలర్‌కి దండం అనుకున్నాను. ఆయన ఎప్పుడూ చెప్పలేదు, నేను అడగలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

శిరీష

నేను దిగిపోవడానికి రెండేళ్ళ ముందు కంపెనీ ఆటోమేటిక్ నీళ్ళ వాల్వు కొన్నది. మట్టం చూసి అదే తెరుచుకుంటుంది, అదే మూసుకుంటుంది. ఎంత తగ్గితే ఎంత తెరవాలో దానికి ఎవరో చెప్పాలి. ఆ పనికి శిరీష వచ్చింది. ఎర్రుపాలెం అమ్మాయి, వాళ్ళది మిరప రైతుల ఇల్లు. ఇంజినీరింగ్ అయ్యాక ఇదే మొదటి ఉద్యోగం. ఏడాది చూసి పర్మినెంటు చేస్తామన్నారు. ఆ ఏడాదిలో చెడ్డ కాగితం ఒక్కటి పడినా ఇంటికే.

వచ్చింది జనవరిలో. మాకు అది గెలలు తక్కువగా వచ్చే కాలం. ఒక్క స్టెరిలైజరే నడుస్తోంది. ఖాళీ నూనె డబ్బా బోర్లించి దాని మీద కూర్చుని, నోట్‌బుక్ మోకాళ్ళ మీద పెట్టుకుంది.

"బాబాయ్, నువ్వు చేసేదే ఈ మిషన్‌కి నేర్పాలె. నువ్వేం చేస్తవో చెప్పు."

చెప్పాను. మట్టం ఒక వేలు తగ్గితే చక్రం ఒక చుట్టు తెరుస్తాను. ఒత్తిడి ముల్లు ఒక గీత పెరిగితే గాలి తలుపు కాస్త మూస్తాను, మంట తగ్గుతుంది. ఆమె ఒక చతురస్రం గీసి నాలుగు గళ్ళు చేసింది. పై వరస మట్టానిది, కింది వరస ఒత్తిడిది.

"ఇప్పుడు అంతా నిలకడగ ఉన్నది కద. మట్టం ఒక్కటే ఒక వేలు పైకి జరిగిందనుకో. మట్టం ఎంత జోరుగ దిగుతది? అది మొదటి గడి. ముల్లు ఒక్కటే ఒక గీత పైకి జరిగిందనుకో, అప్పుడు మట్టం ఏం చేస్తది? అది రెండో గడి. కింద వరసల ఒత్తిడి సంగతి గట్లనే."

ఇద్దరం కూర్చుని కొలిచాం. నిప్పు దగ్గర సోడె ముత్తయ్య ఉండేవాడు. అడవి లోపలి ఊరు వాళ్ళది, నాతో ఇరవై ఏళ్ళుగా ఫైర్‌మన్. అతను మంట సర్దేవాడు, నేను మట్టం ఒక వేలు జరిపేవాణ్ణి, శిరీష గడియారం పట్టుకునేది. వారం రోజులకు నాలుగు గళ్ళూ నిండాయి. ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు. పది నిమిషాలకు ఎంత జోరో ఆ లెక్కన, మొదటి వరస మైనస్ రెండు, మైనస్ ఒకటి. రెండో వరస ప్లస్ ఒకటి, మైనస్ మూడు.

దీన్ని జాకోబియన్ మాత్రిక అంటారని చెప్పింది. ఇప్పుడెంత ఉందో దాన్నిబట్టి ఎంత జోరుగా మారుతుందో చెప్పే లెక్కలను అవకలన సమీకరణాలంటారట. వాటికి నిలకడ ఉందో లేదో తేల్చడానికి ఈ పట్టీ కావాలట. ఎలా తేలుస్తారో నాకు అర్థమయ్యేదాకా చెప్పింది, అది ఆమెలో గొప్ప గుణం.

మొదటి గడి, నాలుగో గడి చూడండి. మట్టం తనను తాను సర్దుకునేది ఒకటి, ఒత్తిడి తనను తాను సర్దుకునేది ఒకటి. మైనస్ అంటే, పైకి జరిగింది కిందికి వస్తుంది, కిందికి జరిగింది పైకి వస్తుంది. ఆ రెండూ కలిపితే మైనస్ రావాలి. మాకు మైనస్ అయిదు వచ్చింది. ఇది ఒక పరీక్ష. మిగిలిన రెండు గళ్ళూ ఒకదాన్ని ఇంకోటి కదిలించేవి. సర్దుకునే రెండూ గుణించి, అందులోంచి కదిలించే రెండూ గుణించినది తీసేస్తే ప్లస్ మిగలాలి. మైనస్ రెండు, మైనస్ మూడు గుణిస్తే ఆరు. మైనస్ ఒకటి, ప్లస్ ఒకటి గుణిస్తే మైనస్ ఒకటి. తీసేస్తే ఏడు. ఇది రెండో పరీక్ష. రెండూ పాసైతే, కాస్త కదిపినా బాయిలర్ మళ్ళీ తన చోటికి వస్తుంది.

నేను ముత్తయ్యకు ఇంకోలా చెప్పాను. ఇద్దరు అన్నదమ్ములు ఒకే ఇంట్లో ఉన్నారు, ఎవరి కోపం వాళ్ళే దించుకుంటే ఇల్లు నిలుస్తుంది, ఒకడి కోపం ఇంకొకడికి ఎక్కి వాడి కోపం మళ్ళీ వీడికి ఎక్కితే నిలవదు అని. ముత్తయ్య, "మా ఇంట్ల అయితే రెండో పరీక్ష పోతది అన్నా" అన్నాడు. శిరీష నవ్వి నవ్వి డబ్బా మీద నుంచి లేచింది.

పట్టీ అయిపోయిన రోజున ఆమె ఒక మాట అడిగింది.

"బాబాయ్, ఈ అంకెలు ఇప్పుడున్న నిలకడ దగ్గరియి. సీజన్ల రెండు స్టెరిలైజర్లు నడుస్తయ్ కద. అప్పుడు కూడ గిట్లనే ఉంటదా? ఒక వేలుకు ఒక చుట్టేనా?"

"అవ్, అంతే" అన్నాను. "ముప్పై ఏండ్ల నుంచి ఒక వేలుకు ఒక చుట్టే."

నేను అబద్ధం చెప్పలేదు. నమ్మే చెప్పాను. నాకు జ్ఞాపకం బాగా ఉంటుందని ఊరంతా అంటారు. ఏ పెళ్ళికి ఎవరు ఏ చీర కట్టారో కూడా చెబుతాను. ఆ గర్వంలోనే చెప్పాను.

జూలై

సీజన్ వచ్చింది. గెలల ట్రాక్టర్లు గేటు దాటి రోడ్డుదాకా నిలబడ్డాయి. మేనేజర్ కోటేశ్వరరావు గారికి ఆటోమేటిక్ వాల్వు వెంటనే పెట్టాలని తొందర. శిరీష కొన్నాళ్ళు ఆగి సీజన్లో మళ్ళీ కొలుద్దామంది. నర్సయ్య చెప్పాడుగా అన్నారాయన. నిజమే, నేను చెప్పాను.

పొద్దున పదింటికి రెండు స్టెరిలైజర్లు నడుస్తుండగా ఆటోమేటిక్‌కి మార్చాం. మొదట బాగానే ఉంది. రెండో స్టెరిలైజర్‌లో కొత్త గెలలు పెట్టి మళ్ళీ తెరవగానే మట్టం రెండు వేళ్ళు లేచింది. వాల్వు మూసుకుంది. మట్టం రెండు వేళ్ళు కిందికి పోయింది. వాల్వు తెరుచుకుంది. జనవరిలో కొలిచేటప్పుడు కూడా ఇలాగే ఊగింది, ఊగి ఊగి తగ్గింది. ఇదీ తగ్గుతుందిలే అనుకున్నాను. మూడు వేళ్ళు పైకి పోయింది. మూడున్నర కిందికి వచ్చింది.

ఇక్కడ కొత్తవాళ్ళకు ఒక మాట. ఊగడం తప్పు కాదు. మొదటి ఊపు కంటే రెండో ఊపు పెద్దదా చిన్నదా, అదొక్కటే చూడండి. చిన్నదైతే ఊరుకోండి. పెద్దదైతే అక్కడే చేతిలోకి తీసుకోండి, మూడో ఊపు చూడొద్దు. నేను మూడోది చూశాను, నాలుగోది కూడా చూశాను. లెక్క కట్టిన మిషన్, మనకంటే దానికే తెలుసు అని చూశాను.

అయిదో ఊపుకు గాజు ఖాళీ అయింది. పైన లేదు, కింద లేదు. ఆటోమేటిక్ వాల్వు మట్టం లేదు కాబట్టి పూర్తిగా తెరుచుకోబోతోంది. చల్లనీళ్ళు కాలిన ట్యూబుల మీదికి పోతాయి. నేను పరుగెత్తి పంపు ఆపేశాను. మంటకు గాలి కొట్టే ఫ్యాను ఆపమని, పీచు మోసుకొచ్చే పట్టా ఆపమని శిరీషకు చెప్పాను. ఆపింది. ముత్తయ్య పొడుగాటి గొర్రుతో నిప్పును లాగి నేల మీద పోశాడు. సగం కాలిన పీచు అతని కాలి మీద పడింది. పడినా ఆపలేదు, చివరి నిప్పు దాకా లాగి అప్పుడు కూర్చున్నాడు.

పేలలేదు. చల్లారాక తెరిచి చూస్తే రెండు ట్యూబులు వంగి ఉన్నాయి. ముత్తయ్య పిక్క మీద జానెడు కాలిన మచ్చ ఇప్పటికీ ఉంది. ఫ్యాక్టరీ ఆగింది. యార్డులో గెలలు పులుస్తున్న వాసన.

మేనేజర్ గది

మూడోరోజు మేనేజర్ గారు పిలిచారు. కోటేశ్వరరావు గారు చెడ్డ మనిషి కాదు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ తోటలు వేసిన కుటుంబం. ఆ రోడ్డు మీద ట్రాక్టర్లతో నిలబడ్డవాళ్ళలో సగం మంది ఆయన చుట్టాలే. పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. ఎవరో ఒకరి పేరు రాసి పంపాలి.

బల్ల మీద కాగితం టైపు చేసి ఉంది. ఇంజినీరు వేసిన లెక్క తప్పు కావడం వల్ల మట్టం అదుపు తప్పింది, అటెండెంటు సమయానికి ఆపి ప్రమాదం తప్పించాడు అని. కింద నా సంతకానికి చోటు. శిరీష గోడ పక్కన నిలబడి ఉంది. కూర్చోమని ఎవరూ అనలేదు.

"సంతకం పెట్టవయ్యా నర్సయ్యా" అన్నారు. "నిన్ను మెచ్చుకుంటూనే రాశాం."

నేను కాగితం రెండుసార్లు చదివాను. నిదానంగా చదువుతాను కాబట్టి చాలాసేపు పట్టింది. ఆ కాసేపట్లో చాలా ఆలోచనలు వచ్చాయి. రెండేళ్ళలో దిగిపోతాను. తప్పు ఒప్పుకుంటే సర్టిఫికెట్ ఆపొచ్చు. ఆ పిల్ల చిన్నది, ఇంకో చోట చూసుకుంటుంది. ఈ చివరి మాట నాకు నేనే చెప్పుకున్నాను. ఆ మాట వచ్చినప్పుడే సిగ్గేసింది. మొదటి ఉద్యోగంలోనే బాయిలర్ కాల్చిందని రాసి ఉన్న పిల్లకు ఇంకో బాయిలర్ ఎవరిస్తారు?

"లెక్క తప్పు కాదండి" అన్నాను. "అంకె తప్పు. ఆ అంకె నాది."

ఆయనకు అర్థం కాలేదు. విడమరిచి చెప్పాను. సీజన్లో కూడా ఇంతేనా అని ఆ అమ్మాయి జనవరిలోనే అడిగింది, అంతే అని నేనే చెప్పాను, సమయానికి ఆపానన్నది కూడా అబద్ధమే, మూడు ఊపులు ఆలస్యంగా ఆపాను అని.

"నీ సర్టిఫికెట్ సంగతి ఆలోచించావా?"

"ఆలోచించానండి."

అప్పుడు శిరీష గోడ దగ్గర నుంచే అంది. "అడిగింది నేనే సార్. కొలవకుంట అడిగి రాసుకున్నది కూడ నేనే. బాబాయ్ ఒక్కడి తప్పెట్లైతది?"

మేనేజర్ గారు ఇద్దరి వైపూ చూశారు. "ఎవరూ కాదనకుండా ఇద్దరూ ఒప్పుకుంటే నేనేం రాయాలి?" అన్నారు విసుగ్గా. తర్వాత కాగితం తిప్పి బోర్లా పెట్టారు. ట్యూబులు మార్చాక వారం రోజులు చేత్తోనే నడపమన్నారు. ఆ వారంలో ఎందుకిలా అయిందో తేల్చి, ఆటోమేటిక్ మీద నిలిపి చూపించాలి. లేకపోతే రెండు కాగితాలు, రెండు పేర్లు.

మీ పై అధికారి గురించి ఇంట్లో చెప్పుకునేటప్పుడు ఆయన తిట్టినవే చెప్పుకోకండి. బోర్లా పెట్టిన కాగితాలు కూడా చెప్పండి.

సుద్దగీత

వారం మొదలైంది. శిరీష చక్రం అంచు మీద సుద్దతో గీత గీసింది, పక్కనున్న ఇనుప కమ్మీ మీద ఇంకో గీత. రెండూ కలిస్తే సున్నా. నేను మామూలుగా పని చేసుకుంటుంటే ఆమె డబ్బా మీద కూర్చుని రాసుకునేది. మొదటిరోజు ఏమీ అడగలేదు. రెండోరోజు మట్టం ఒక వేలు తగ్గింది, చక్రం తిప్పాను.

"ఎంత తిప్పినవ్ బాబాయ్?"

"ఒక చుట్టు."

"గీత చూడు."

చూశాను. పావు చుట్టు దగ్గర ఉంది. నాకు కోపం వచ్చింది. "గీత చెరిపి మళ్ళ గీసినవా ఏంది?"

ఆమె నోట్‌బుక్ చూపించింది. నిన్నటి నుంచి పదకొండుసార్లు. ఎనిమిదిసార్లు పావు చుట్టు, మూడుసార్లు అర చుట్టు. ఒక చుట్టు ఒక్కసారీ లేదు. ప్రతిసారీ నేను ముందు గాలి తలుపు కాస్త తెరిచి, కాసేపు ఆగి, అప్పుడు నీళ్ళ దగ్గరికి పోయానని కూడా రాసి ఉంది. జనవరిలో అలా ఎప్పుడూ చేయలేదు.

కట్టు కట్టిన కాలు చాపుకుని కూర్చున్న ముత్తయ్య నవ్వాడు. "అన్నా, నీ చెయ్యి నీ మాట వింటలేదు."

నిజమే. ముప్పై ఏళ్ళుగా నా చెయ్యి సీజన్‌కి ఒకలా, సీజన్ కానప్పుడు ఒకలా తిరుగుతోంది. నాకు చెప్పలేదు. అడిగితే నా నోరు మాత్రం మొదట నేర్చుకున్నదే చెబుతోంది.

"మరి చేతికి ఎట్ల తెలుస్తున్నది?" అంది శిరీష. "పావా, అర్ధమా, ఎట్ల తేలుస్తున్నవ్?"

నాకు తెలియదన్నాను. నిజంగా తెలియదు. ముత్తయ్యే అన్నాడు. "ముందుగాల పైపుకు దండం పెడతడు కద, అప్పుడే."

శిరీష వెంటనే లేచి వెళ్ళి పైపును తన చేతి వెనకభాగంతో ముట్టుకుంది. చల్లగా ఉంది. జనవరిలో ఎలా ఉండేదని అడిగింది. బాగా వెచ్చగా ఉండేదన్నాను. చెప్పాక నాకే అర్థమైంది. సీజన్ కానప్పుడు తొట్టిలో నీళ్ళు నిదానంగా వాడతాం, వెచ్చబడే సమయం ఉంటుంది. సీజన్లో బోరు నుంచి వచ్చిన నీళ్ళు వచ్చినట్టే బాయిలర్‌లోకి పోతాయి. నీళ్ళు ఎంత చల్లనైతే బుడగలు అంత అణుగుతాయి. అదే పాలగిన్నె. మట్టం తగ్గిందని ఒక చుట్టు తెరిస్తే, ఆ చల్లదనానికి మట్టం ఇంకా తగ్గుతుంది, తగ్గిందని మిషన్ ఇంకా తెరుస్తుంది.

అప్పలస్వామి గారు దండం పెట్టలేదు. కొలిచారు. లేదా ఆయనకూ ఎవరో దండమని నేర్పి, ఆయన చెయ్యి కొలత నేర్చుకుందో. అడగడానికి ఆయన లేరు.

ఆ మధ్యాహ్నం సీజన్ పట్టీ కట్టాం. మిషన్‌కి మేము చెప్పిన ఒక చుట్టు లెక్కతోనే. ప్రమాదం రోజున ఆటోమేటిక్ యంత్రం మట్టం, ఒత్తిడి గీసిపెట్టిన ఊపుల కాగితం ఎలాగూ ఉంది. మొదటి వరస ప్లస్ రెండు, మైనస్ రెండు. రెండో వరస ప్లస్ మూడు, మైనస్ ఒకటి. మొదటి గడిలో ప్లస్ చూడండి. మట్టం తనను తాను సర్దుకోవడం మానేసింది, జరిగినవైపే ఇంకా జరుగుతోంది. సీజన్ వానలకు తడిసిన పీచుకు మంట కూడా నిదానించి, నాలుగో గడి మైనస్ మూడు నుంచి మైనస్ ఒకటికి పడింది. సర్దుకునేవి కలిపితే ప్లస్ ఒకటి. మొదటి పరీక్ష ఫెయిల్. రెండోది పాసే. మొదటిది పోయి రెండోది పాసైన ఈ పట్టీకి, ఊపు మీద ఊపు పెరుగుతుందని అర్థమట. మేము కళ్ళతో చూసింది అదే. నాలుగు అంకెల్లో ఉంది.

"పట్టీ అబద్ధం కాదు బాబాయ్" అంది. "జనవరి పట్టీ జనవరికి నిజం. నిలకడ చోటు మారితే అంకెలు మారతయ్. అది పుస్తకంల చదివిన. చదివి కూడ అడిగి ఊకున్న."

తర్వాత నా చేతిని కొలిచాం. చల్లని పైపుకు పావు, గోరువెచ్చనికి అర, బాగా వెచ్చనికి ఒకటి. గాలి తలుపు ముందు తెరిచి మంట లేపాలి, నీళ్ళు తర్వాత. ఒక్కోదానికి ఒక పట్టీ కట్టి, మూడూ రెండు పరీక్షలకూ నిలబడేదాకా సర్దింది. పైపుకు ఉష్ణమాపకం బిగించి, ఏ పట్టీ ఎప్పుడు వాడాలో మిషన్‌కి చెప్పింది.

ఏడోరోజు పొద్దున మేనేజర్ గారు వచ్చి నిలబడ్డారు. రెండు స్టెరిలైజర్లు, తడి పీచు, చల్లనీళ్ళు. ఆటోమేటిక్‌కి మార్చాం. కదిలేదాకా ఆగకుండా మేమే కదిపాం, కావాలని మట్టం ఒక వేలు దించాం. నా చెయ్యి పంపు మీట మీదే ఉంది. రెండో ఊపు పెద్దదైతే ఆపేద్దామని ముందే అనుకున్నాం. మట్టం పైకి వచ్చి, దాటి, ముప్పావు వేలు దగ్గర ఆగింది. కిందికి వచ్చి అర వేలు. తర్వాత పావు. తర్వాత గాజులో నీళ్ళు మంచినీళ్ళ గ్లాసులో లాగా నిలబడ్డాయి. రెండో స్టెరిలైజర్‌ని కొత్త గెలలతో మళ్ళీ తెరిపించాం. అదీ అంతే, ఊగి నిలబడింది.

మేనేజర్ గారు గాజును ఇంకాసేపు చూశారు. "ఆ బోర్లా పెట్టిన కాగితం చింపేస్తున్నా" అని వెళ్ళిపోయారు. ఆ ఏడాది చివర శిరీషను పర్మినెంటు చేశారు. నా సర్టిఫికెట్ జోలికి ఎవరూ రాలేదు.

కొత్తవాళ్ళకు

ఇంజినీర్లయి వచ్చేవాళ్ళు, పాతవాళ్ళను అడగండి. అడిగి ఊరుకోకండి, చేతులు చూడండి. మాకు తెలిసినదంతా మాకు తెలియదు. పాతవాళ్ళయిపోతున్నవాళ్ళు, ఎవరైనా ఇప్పుడూ అంతేనా అని అడిగితే, అంతే అనే ముందు ఒకసారి తిప్పి చూడండి.

శిరీష పట్టీలు బాయిలర్ పక్క గోడ మీద రేకు మీద రాయించింది. ప్రతి పట్టీ పైన మూడు మాటలు: ఎన్ని స్టెరిలైజర్లు, పీచు తడా పొడా, పైపు ఎంత వెచ్చన. అవి లేని పట్టీ ఎవరు తెచ్చినా ముత్తయ్య లోపలికి రానివ్వడు. ఇది ఏ రోజుది అని అడుగుతాడు.

నేను దిగిపోయిన రోజు పొద్దున షిఫ్టు నాదే. ఆటోమేటిక్ వాల్వును తుడవడానికి ఆపారు, కాసేపు చేత్తో నడపాలి. మట్టం ఒక వేలు తగ్గింది. అలవాటుగా పైపు ముట్టుకున్నాను, చెయ్యి కళ్ళకు అద్దుకున్నాను. కొలత అని తెలిశాక కూడా ఆ అద్దుకోవడం పోలేదు.

చక్రం నేను పట్టుకోలేదు. ముత్తయ్యను రమ్మన్నాను. అతనూ పైపు ముట్టుకున్నాడు.

"ఎంత?" అన్నాను.

"గోరువెచ్చగ ఉన్నది. అర్ధం."

తిప్పాడు. ఇద్దరం గాజు చూడలేదు, ముందు సుద్దగీత చూశాం. అర చుట్టు దగ్గర ఆగి ఉంది.